అమెరికా కంట్రీ సంగీత (అక్కడి గ్రామీణ జానపద బాణీల నుంచి వచ్చిన శైలి) గాయని డాలీ పార్టన్ తొలి నాష్‌విల్ రోజుల గురించి తెలిసినవారు చెప్పగలరా?

టెనెసీ రాష్ట్రంలోని స్మోకీ పర్వత ప్రాంతంలో, కౌలు రైతు ఇంట 12 మంది పిల్లల్లో నాలుగో సంతానంగా 1946లో పుట్టిన డాలీ పార్టన్, చిన్న వయసులోనే నాక్స్‌విల్ రేడియోలో పాడి, 1964లో హైస్కూలు చదువు పూర్తయిన మరునాడే కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్‌కు బయలుదేరారు. అక్కడ మాన్యుమెంట్ రికార్డుల సంస్థ ఆమె చేత మొదట పాప్ పాటలే పాడించింది. మేనమామ బిల్ ఓవెన్స్‌తో కలిసి ఆమె రాసిన పాటను 1966లో బిల్ ఫిలిప్స్ పాడి విజయం సాధించాకే కంట్రీ పాటలకు దారి దొరికింది. 1967లో కంట్రీ గాయకుడు పోర్టర్ వ్యాగనర్ టెలివిజన్ కార్యక్రమంలో చేరడం కంటే ఈ రచనాకృషే ఆమె ఎదుగుదలకు అసలు పునాది అని నా గట్టి నమ్మకం. ఆ పాటల రచనలో మేనమామ, మేనకోడళ్ల పాలు ఎంతెంతో వివరించే జీవితచరిత్రలు, ఇంటర్వ్యూలు మీరు చదివి ఉంటే దయచేసి వాటి వివరాలు తెలుపగలరా?