మూడో గుండు ఎందుకు పక్కకి పోతోంది? రైఫిల్ తప్పా, నా తప్పా?

రవి_308:
అందరికీ నమస్కారం. నాది .308 క్యాలిబర్ బోల్ట్ యాక్షన్ రైఫిల్ (ప్రతి గుండుకీ చేత్తో బోల్ట్ లాగేది), చెక్క స్టాక్ (బ్యారెల్ కూర్చునే, భుజానికి ఆనించే భాగం), సన్న బ్యారెల్. పోయినేడు దాకా 100 మీటర్లలో మూడు గుండ్లు 3 సెంటీమీటర్ల లోపే పడేవి, ఇప్పుడు 9, ఒక్కోసారి 10 కూడా వస్తోంది. తూటాలు మార్చలేదు, అవే 150 గ్రెయిన్ బరువు గుండ్లు. మొదటి గుండు బానే పడుతుంది, రెండోది కొంచెం కుడికి, మూడోది ఇంకా కుడికి, పైకి. మధ్యలో నాలుగు నెలలు తేమ ఉన్న గదిలో పెట్టాల్సొచ్చింది. తుపాకులు బాగుచేసే ఒకాయన చూసి బ్యారెల్ అరిగింది మార్చాలన్నాడు. మొత్తం కలిపి 400 తూటాలు కూడా కాల్చలేదు. ఏం చెయ్యమంటారు?

పాతకాపు:
తమ్ముడూ, 400 తూటాలకి .308 బ్యారెల్ అరగదు, వేలల్లో కాల్చాలి. ఆ డబ్బు జేబులోనే ఉంచుకో. కానీ రైఫిల్‌కి ఏదో అయిందని కూడా అనుకోకు. మొదటి గుండు బాగుందంటే రైఫిల్ బాగున్నట్టే కదా? రెండోసారికి భుజానికి దెబ్బ తెలుస్తుంది, మూడోసారికి వేలు ట్రిగ్గర్ మీద పడకముందే కళ్ళు మూసుకుంటాయి. నూటికి తొంభై కేసులు ఇవే, నేను చూశాను.

గురి_సరి:
స్కోప్‌ని పట్టి ఉంచే రింగుల స్క్రూలు చూశావా బ్రో?

చెక్కపని_శ్రీధర్:
రవి గారూ, తేమ గదిలో నాలుగు నెలలు అన్న ముక్క దగ్గరే నాకు జవాబు దొరికింది. చెక్క నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది, ఉబ్బి బ్యారెల్‌కి ఆనుకుంటుంది. సన్న బ్యారెల్ రెండు గుండ్లకే వేడెక్కుతుంది, వేడెక్కే కొద్దీ ఆ ఆనిన చోట ఒత్తిడి మారుతుంది, గుండ్లు ఒకే వైపుకి వరసగా నడుచుకుంటూ పోతాయి. మీరు చెప్పింది అచ్చం అదే. ముందు బోల్ట్ తీసి, ఛాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీ అని కంటితో చూసి, వేలుతో తడిమి, అప్పుడు ఒక సన్న కాయితం ముక్క బ్యారెల్ కింద చెక్కకీ ఇనుముకీ మధ్య దూర్చి రిసీవర్ (బోల్ట్ కూర్చునే ఇనుప భాగం) వైపు లాగండి. ఎక్కడ పట్టేస్తే అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టండి. తర్వాత యాక్షన్ స్క్రూలు, అంటే ఇనుప భాగాన్ని చెక్కకి పట్టి ఉంచేవి. చెక్క ఉబ్బి, మళ్ళీ ఎండి కుంచించుకుపోతే అవి వదులవుతాయి. కంపెనీ వాళ్ళిచ్చిన లెక్క చూసి టార్క్ రెంచ్‌తో (ఎంత బిగించామో కొలిచే పానా) బిగించండి, చేతి అంచనా వద్దు. ఒక్కసారికి ఒక్కటే మార్చండి, అన్నీ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు.

పాతకాపు:
కాయితం, పెన్సిల్, రెంచ్. ఇంతకన్నా ఒక డమ్మీ తూటా (పేలనిది) తేలిక. స్నేహితుణ్ణి పక్కన కూర్చోబెట్టి నిజం తూటా, డమ్మీ కలిపి నీకు తెలీకుండా లోడ్ చెయ్యమను. డమ్మీ మీద టక్కుమన్నప్పుడు బ్యారెల్ మూతి కిందికి వంగిందంటే జవాబు అదే.

చెక్కపని_శ్రీధర్:
అన్నా, బెదిరి కాలిస్తే గుండ్లు ఎక్కువగా కిందికి పోతాయి, చెల్లాచెదురుగా పోతాయి. ప్రతిసారీ అదే వరసలో కుడికి పైకి నడవవు. ఆయన రాసింది ఇంకోసారి చదవండి.

పాతకాపు:
ప్రతిసారీ అని ఎన్ని సార్లు? మూడు గుండ్ల గ్రూప్ రెండో మూడో కాల్చి వరస అంటే ఎలా? మూడు గుండ్లతో ఏ రైఫిలైనా అందంగా కనిపిస్తుంది. అదే రైఫిల్ ఐదు కాలిస్తే గ్రూప్ వెడల్పు మూడు గుండ్లదానికి సగటున ఒకటింపావు రెట్లు అవుతుంది, పది కాలిస్తే ఒకటిన్నర రెట్లు దాటుతుంది. పోయినేడు 3 సెంటీమీటర్లు అన్నదే అదృష్టం కావచ్చు.

రవి_308:
ఏడు గ్రూపులు కాల్చాను అన్నా, ఏడూ ఒకే వైపు.

గురి_సరి:
రింగులు???

బ్యారెల్_బాబు:
బ్యారెల్ లోపల గుండ్ల రాగి పేరుకుందేమో. సాల్వెంట్ వేసి ప్యాచ్ తోస్తే నీలంగా వస్తే అదే. మూతి వైపు నించి మాత్రం రాడ్ తొయ్యొద్దు, క్రౌన్ (మూతి అంచు) పాడవుతుంది.

చెక్కపని_శ్రీధర్:
చూశారా అన్నా, ఏడూ ఒకే వైపట. మీరు ప్రతి చర్చలోనూ కాల్చేవాడినే తప్పు పడతారు, పోయిన నెల ఇంకొకాయన్ని ఇలాగే తిట్టి పంపారు, తర్వాత చూస్తే ఆయన స్కోప్ మౌంట్ వదులు.

పాతకాపు:
నేను తిట్టలేదు. మీరు ప్రతి చర్చలోనూ చెక్క గీకమంటారు. వేటలో కాల్చేది ఒక్క గుండు, చల్లటి బ్యారెల్ నించి. అది సరిగ్గా పడుతోందని అతనే చెప్పాడు. మూడో గుండు ఎక్కడ పడితే ఎవరికి కావాలి?

చెక్కపని_శ్రీధర్:
నాకు కావాలి. మీకు తెలీదు కాబట్టి చెప్తున్నా. ఎనిమిదేళ్ళ క్రితం మీలాంటి పెద్దాయన ఒకరు మొదటి గుండు బాగుంటే చాలన్నారు, నేను నమ్మాను. ఉబ్బే చెక్క ఇవాళ ఉన్నచోట రేపు ఉండదు, మొదటి గుండు కూడా జరుగుతుంది, అది ఆయనా చెప్పలేదు నేనూ అడగలేదు. ఒక అడవిపందికి పొట్టలో తగిలింది. చీకటి పడేదాకా నెత్తురు చుక్కలు చూసుకుంటూ నడిచాను, పొద్దున్నే మళ్ళీ వెళ్ళాను. దొరకలేదు. అది ఎన్ని రోజులు బతికిందో నాకు తెలీదు. ఇంటికొచ్చి కాయితం పెట్టి లాగితే సగం దారిలోనే పట్టేసింది.

గురి_సరి:
...

పాతకాపు:
శ్రీధర్ గారూ, అది నాకు తెలీదు. నాది కూడా చెప్తాను. పదిహేనేళ్ళు నేను రైఫిల్ని తిట్టాను. రెండు అమ్మేశాను, ఒకదానికి బెడ్డింగ్ (ఇనుము చెక్కలో కదలకుండా కూర్చునేలా సరిచెయ్యడం) చేయించాను, గ్రూప్ మారలేదు. ఒకరోజు మా బావమరిది చెప్పకుండా డమ్మీ పెట్టాడు. టక్ అంది, మూతి రెండు వేళ్ళు కిందికి వాలింది, అందరూ చూశారు. అంతకు ముందు నేను గాయపరిచి వదిలేసిన జంతువులన్నీ నా వేలు వల్లే. అందుకే ఎవరైనా రైఫిల్ బాలేదంటే నేను ముందు మనిషిని చూసుకోమంటా. మొదటి గుండు చాలన్నది మాత్రం తప్పే, వెనక్కి తీసుకుంటున్నా.

చెక్కపని_శ్రీధర్:
మరి ఇది మొదటే చెప్పాల్సింది అన్నా. అయినా ఏడు గ్రూపులు ఒకే వైపు అంటే నా ఓటు చెక్కకే.

పాతకాపు:
ఉండనీ. డమ్మీ పరీక్ష కూడా చెయ్యమనే నా మాట.

రవి_308:
ఇప్పుడే చూశాను. రింగులు గట్టిగానే ఉన్నాయి. కాయితం స్టాక్ ముందు చివరి నించి నాలుగు వేళ్ళ దూరంలో ఆగిపోయింది, ఎడమ పక్క. టార్చ్ వేసి చూస్తే అక్కడ చెక్క మీద పాలిష్ రుద్దుకుపోయి మెరుస్తోంది. వెనక స్క్రూ పావు తిప్పు వదులుగా ఉంది.

చెక్కపని_శ్రీధర్:
ఎడమ పక్క ఆనింది కాబట్టే కుడికి తోస్తోంది. ముందు స్క్రూ బిగించి, చల్లటి బ్యారెల్‌తో మొదలుపెట్టి, ఇదివరకటి వేగంతోనే ఐదు గుండ్లు కాల్చండి. అప్పటికీ నడిస్తే గుండ్రటి కర్రకి గరుకు కాయితం చుట్టి మెరిసిన చోట మాత్రమే రుద్దండి, కాయితం జారేదాకా. రుద్దిన పచ్చి చెక్కకి వెంటనే పాలిష్ పూయండి, లేదంటే వచ్చే తేమకి ఇంకా ఎక్కువ ఉబ్బుతుంది.

రవి_308:
సరే అన్నా. స్క్రూ ఇవాళే బిగిస్తా, ఆదివారం రేంజ్‌కి వెళ్తున్నా. డమ్మీలు రెండు మా తమ్ముడి జేబులో ఉంటాయి, ఎప్పుడు పెడతాడో నాకు చెప్పొద్దన్నా.