పన్ను తగ్గించినా అమెరికా కాలనీలు ఎందుకు తిరగబడ్డాయి?

సందేహి:
అమెరికాలోని 13 కాలనీలు 1776లో బ్రిటన్ నుంచి విడిపోయింది పన్నుల బాధ పడలేకేనని చదువుకున్నాం. కానీ అప్పట్లో వాళ్లకంటే బ్రిటన్‌లో ఉండేవాళ్లే ఎక్కువ పన్ను కట్టేవారట. మరి అసలు కారణమేంటి?

పాత పటం:
పన్ను భారం కాదండీ. మొలాసిస్, అంటే చెరకు మడ్డి మీద గ్యాలన్‌కు 6 పెన్నీల సుంకం 1733 నుంచీ ఉంది. కట్టినవాళ్లు తక్కువ, కస్టమ్స్ అధికారి చేయి తడిపితే సరకు దాటిపోయేది. 1764లో దాన్ని 3 పెన్నీలకు తగ్గించి, గట్టిగా వసూలు చేయబోయారు. గొడవ అప్పుడు రాజుకుంది. టీ సంగతీ అంతే. 1773 చట్టంతో ఈస్టిండియా కంపెనీ టీ చవకైంది. ఆ డిసెంబర్ 16 రాత్రి బోస్టన్ రేవులో నిరసనకారులు 342 పెట్టెల టీని సముద్రం పాలు చేశారు! పౌండుకు 3 పెన్నీల సుంకం మాత్రం అలాగే ఉంచారు మరి. చవక కదా అని కొంటే, తమ ప్రతినిధి ఒక్కడూ లేని బ్రిటన్ పార్లమెంటు తమ మీద పన్ను వేయొచ్చని ఒప్పుకున్నట్టే.

ఎదురుగాలి:
హక్కులనేవి పైకి చెప్పిన మాట. 1763లో రాజు కాలనీలకు పడమట ఉన్న అపలాచియన్ కొండలు దాటి స్థిరపడొద్దన్నాడు. ఆవలి భూముల మీద కన్నేసినవాళ్లలో జార్జ్ వాషింగ్టన్ ఒకడు. ఆ నేల ఎవరిదో ఆ ఆదివాసులను అడిగిన నాథుడే లేడు. 1775 నవంబర్‌లో వర్జీనియా గవర్నర్ డన్మోర్, తిరుగుబాటుదారుల బానిసలు తన సైన్యంలో చేరితే విడుదల చేస్తానన్నాడు. ఊగిసలాడుతున్న తోటల యజమానులు చాలామంది తిరుగుబాటు వైపు మొగ్గింది అప్పుడే.

పాత పటం:
సగం ఒప్పుకుంటా. డన్మోర్ ప్రకటించేనాటికి యుద్ధం మొదలై ఏడు నెలలైంది. అంతకుముందే, 1774లో టీ పారబోసినందుకు శిక్షగా బ్రిటన్ బోస్టన్ రేవు మూసేసింది. మసాచుసెట్స్‌లో గవర్నర్ అనుమతి లేకుండా ఏడాదికి ఒక్కటి మించి ఊరి సభ పెట్టొద్దన్నారు. కొండల అవతలి భూములతో పనిలేని రైతుకు కూడా మండింది ఇక్కడే.

సందేహి:
కరీబియన్ దీవులు జమైకా, బార్బడోస్ కూడా అదే పార్లమెంటు కింద ఉన్నాయిగా, అవెందుకు విడిపోలేదు?

ఎదురుగాలి:
జమైకా శాసనసభ 1774లో అమెరికన్ల తరఫున రాజుకు అర్జీ కూడా పెట్టింది. కానీ అక్కడ తెల్లవాళ్లు గుప్పెడు, చుట్టూ వాళ్లు బానిసలుగా పెట్టుకున్న జనం. 1760లో పెద్ద తిరుగుబాటే చూశారు. బ్రిటిష్ సైన్యం ఓడెక్కి వెళ్లిపోతే ఒక్క రాత్రి నిద్రపోగలరా? అర్జీతో ఆగిపోయారు.

పాత పటం:
ఇది నా వాదనలో లోటే. కోపం ఉంటే చాలదు, సామ్రాజ్యంతో అవసరమూ తీరాలి. 1763లో ఫ్రాన్స్ కెనడాను వదులుకున్నాక, పక్కనున్న ఫ్రెంచివాళ్ల భయం పోయి 13 కాలనీలకు ఆ అవసరం తగ్గింది. అయినా అంతా స్వార్థం లెక్కే అంటే నమ్మను. బెంజమిన్ ఫ్రాంక్లిన్ స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టాడు, కొడుకు విలియం రాజు పక్షాన నిలబడి ఖైదు అయ్యాడు. ఒకే ఇల్లు కదా!

ఎదురుగాలి:
కొడుక్కి న్యూజెర్సీ గవర్నర్ పదవి ఇచ్చింది రాజే. తండ్రిని 1774లో పోస్ట్‌మాస్టర్ ఉద్యోగం నుంచి పీకేసిందీ ఆ ప్రభుత్వమే. అది కూడా చూడండి సార్.