మొదటి వెబ్‌సైట్: చేత్తో రాయాలా, వర్డ్‌ప్రెస్‌తో లాగించేయాలా?

కుందలహళ్లి కుర్రాడు:
బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటున్నాను. మా బావ ఇక్కడే కర్రీ పాయింట్ నడుపుతున్నాడు. ఐదు పేజీల సైటు కావాలన్నాడు: ముందు పేజీ, రోజూ ఉండే కూరలు, పెళ్లిళ్ల ఆర్డర్లు, ఫొటోలు, అడ్రసు. నాకూ పని వస్తుంది కదా అని ఒప్పుకున్నాను. పేజీలో ఏముండాలో చెప్పే హెచ్‌టీఎంఎల్, అది ఎలా కనపడాలో చెప్పే సీఎస్‌ఎస్ చేత్తో రాస్తూ నేర్చుకుందామని నా ఆలోచన. కోడు రాయకుండానే సైటు కట్టుకోనిచ్చే వర్డ్‌ప్రెస్ ఉండగా ఆ తిప్పలెందుకని మా రూమ్మేటు. మీరేమంటారు?

సిల్క్‌బోర్డ్ బాధితుడు:
రూమ్మేటు మాటే రైటు. వర్డ్‌ప్రెస్ 2003 నుంచి ఉంది, వాడేవాళ్లు బోలెడుమంది, ఎక్కడ ఆగినా జవాబు దొరుకుతుంది. థీమ్ (రెడీమేడ్ డిజైన్) ఎక్కించి ఫొటోలు పెడితే శని, ఆదివారాల్లో అయిపోతుంది. గుత్తివంకాయ తినడానికి ఎవరైనా వంకాయ తోట వేస్తారా?

పాత కాపు:
తోట వేయక్కర్లేదు గానీ కాయలో పుచ్చుందో లేదో చూడటం రావాలిగా! ఆ తమ్ముడు పని నేర్చుకుంటానన్నాడు, మీరు ఆ ముక్క వదిలేశారు.

నా మొదటి సైటు సంగతి చెప్తాను. నా విండోస్ లాప్‌టాప్‌లో అన్ని లింకులూ చక్కగా తెరుచుకున్నాయి. సైటుని అందరికీ చూపించే సర్వర్‌కి ఎక్కించాక సగం పేజీలు 404, అంటే పేజీ దొరకలేదని. రాత్రి రెండింటిదాకా జుట్టు పీక్కున్నాను. తీరా చూస్తే ఫైలు పేరులో పెద్ద ఎమ్, లింకులో చిన్న ఎమ్. విండోస్‌కి రెండూ ఒకటే, లినక్స్ సర్వర్‌కి కాదు. ఫొటోలు ఇంకా ఘోరం. సీ డ్రైవ్ నుంచి మొదలయ్యే దారి ఇచ్చాను, అవి నా మెషీన్లో తప్ప ఎక్కడా కనపడవు. అప్పట్నుంచీ ఫైలు పేర్లన్నీ చిన్నక్షరాల్లో, ఖాళీల్లేకుండా.

సిల్క్‌బోర్డ్ బాధితుడు:
వర్డ్‌ప్రెస్‌లో అయితే ఆ జాగారమే ఉండేది కాదు కదన్నా!

పాత కాపు:
ఉండేది, ప్లగిన్ (వర్డ్‌ప్రెస్‌కి తగిలించే అదనపు ముక్క) అప్‌డేట్ చేసిన రాత్రి. పైగా వర్డ్‌ప్రెస్‌కి సర్వర్ మీద నడిచే పీహెచ్‌పీ భాష కావాలి, సమాచారం దాచుకునే డేటాబేస్ కావాలి. ఐదు పేజీల కర్రీ పాయింటుకి డేటాబేస్ దేనికి, పప్పుచారు లెక్కలకా?

డీటీపీ అక్క:
మీరిద్దరూ తెలుగు సంగతే మర్చిపోయారు. మీ బావగారి పాత మెనూ కార్డు డీటీపీవాళ్లు వాడే అను ఫాంట్స్‌లో కొట్టించి ఉంటే, ఆ టెక్స్ట్ తెచ్చి పేజీలో అతికించగానే పులిహోర ఉండాల్సిన చోట పిచ్చి గీతలు వస్తాయి. ముందు యూనికోడ్‌లోకి, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ చదవగలిగే అక్షరాల కోడ్‌లోకి, మార్చుకోవాలి. పేజీ కోడు పైభాగంలో, ఆ అక్షరాలు ఏ పద్ధతిలో ఉన్నాయో తెలిసేలా, యూటీఎఫ్-8 అని చెప్పాలి. మండలి, రామభద్ర లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. ఇంగ్లీషుకి సరిపోయే లైన్ హైట్ (ఒక్కో లైనుకిచ్చే ఎత్తు) మనకి చాలదు, పై లైను ఒత్తులు కింది లైను గుడిదీర్ఘాల మీద పడతాయి. నేనైతే అక్షరం సైజుకి 1.7 రెట్ల దాకా పెడతాను. రెడీమేడ్ థీమ్ తీసుకున్నా ఇదంతా సరిచేయాలంటే సీఎస్‌ఎస్ ముట్టుకోక తప్పదు. పేజీని ఫోన్ వెడల్పుకి సరిపెట్టమని చెప్పే వ్యూపోర్ట్ ట్యాగ్ మర్చిపోకండి, లేకపోతే ఫోన్లో అక్షరాలు చీమల్లా ఉంటాయి.

కుందలహళ్లి కుర్రాడు:
థాంక్సక్కా. చేత్తోనే మొదలుపెట్టాను. పైన మెనూ పట్టీలో ‘ఆర్డర్లు’ని ‘క్యాటరింగ్’ అని మార్చడానికి ఐదు ఫైళ్లూ తెరవాల్సి వచ్చింది. ఒకదాంట్లో మర్చిపోయాను కూడా. ఇది మాత్రం విసుగే.

పాత కాపు:
ఆ విసుగు పుట్టాలనే చెప్పింది! పై పట్టీని ఒక్కచోట రాసి అన్ని పేజీలకూ తగిలించడానికే టెంప్లేట్లు పుట్టాయి. వర్డ్‌ప్రెస్ థీమ్‌లో హెడర్ ఫైలు చేసేదీ ఆ పనే. ఇప్పుడు దాన్ని తెరిచి చూస్తే నీకు అర్థమవుతుంది, నిన్నటిదాకా అయ్యేది కాదు.

సిల్క్‌బోర్డ్ బాధితుడు:
సరే, సగం ఒప్పుకున్నా. కానీ రేపు చేపల పులుసు రేటు మారితే? ఈ కుర్రాడికి హైదరాబాదులో ఉద్యోగం వస్తే? వర్డ్‌ప్రెస్ అయితే బావగారే ఫోన్లోంచి మార్చుకుంటారు. దీనికి జవాబు చెప్పండి.

పాత కాపు:
అది మాత్రం న్యాయమైన ప్రశ్నే. రోజూ మారేది ఉంటే మీ దారే మంచిది.

డీటీపీ అక్క:
ఒక మాట. సైట్లని ఉచితంగా పెట్టుకోనిచ్చే గిట్‌హబ్ పేజెస్‌లో ఊరికే పెట్టేద్దామనుకుంటున్నావేమో. నేర్చుకోడానికి భేషుగ్గా ఉంటుంది, 1 జీబీ దాకా ఇస్తారు. కానీ వ్యాపారం నడపడానికి ఉచిత హోస్టింగ్‌లా వాడొద్దని వాళ్ల నిబంధనల్లోనే ఉంది. కాబట్టి అక్కడ సాధన చెయ్యి, అసలు సైటుకి హోస్టింగ్ (సర్వర్‌లో చోటు) కొను. డొమైన్, అంటే సైటు అడ్రసు, మీ బావ పేరు మీద, ఆయన మెయిల్‌తోనే తీసుకో. బంధువుల మధ్య ఇలాంటివే గొడవలవుతాయి.

కుందలహళ్లి కుర్రాడు:
బావని అడిగాను. ‘రేట్లు పెట్టొద్దురా, టమాటా ధర ఎప్పుడెలా ఉంటుందో, ఫోన్ నంబరు పెద్దగా వెయ్యి చాలు’ అన్నాడు. కాబట్టి చేత్తోనే. ఆదివారం ఎక్కిస్తున్నాను. ఫైలు పేర్లన్నీ చిన్నక్షరాలే, రెండుసార్లు చూసుకున్నాను.

సిల్క్‌బోర్డ్ బాధితుడు:
రేట్లు లేని మెనూ ఎవరు చూస్తారయ్యా!