ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత సీఎంవీ పాజిటివ్: ల్యుకేమియా తిరగబెట్టదని దీనర్థమా?

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 54 ఏళ్లు, ఏఎంఎల్ (ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్‌లో ఒక రకం). ట్రాన్స్‌ప్లాంట్‌కి మూలకణాలు మా బాబాయి ఇచ్చారు. ట్రాన్స్‌ప్లాంట్ అయిన 38వ రోజు రక్తపరీక్షలో సీఎంవీ (సైటోమెగలోవైరస్, ఒంట్లో దాగి ఉండి రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు లేచే వైరస్) బయటపడింది. జ్వరం లేదు. ఉప్మాలో ఉప్పు తక్కువైందని పొద్దున అమ్మ మీద విసుక్కున్నారు కూడా. డాక్టరుగారు వాల్‌గాన్‌సైక్లోవిర్ మాత్రలు మొదలుపెట్టారు. వాటితో తెల్లకణాలు పడిపోవచ్చట, అందుకే వారానికి రెండుసార్లు రక్తపరీక్ష. నంబర్లన్నీ పాత క్యాలెండర్ వెనక రాసుకుంటున్నాను.

నా టెన్షన్ వేరే. జర్మనీలోని ఎస్సెన్‌లో 266 మంది ఏఎంఎల్ రోగుల మీద 2011లో వచ్చిన అధ్యయనం ప్రకారం, ఇలా తొందరగా సీఎంవీ బయటపడ్డవాళ్లలో జబ్బు తిరగబెట్టడం బాగా తక్కువ. చదివి సంబరపడ్డాను. తీరా చూస్తే 2016లో 9 వేలకు పైగా రోగుల లెక్కల్లో ఆ మేలేమీ కనబడలేదు, పైగా ఇతర కారణాల మరణాలు ఎక్కువట. ఆ రాత్రి నిద్ర లేదు.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలా అయిందా? వైరస్ ఎన్నాళ్లకు నెగటివ్ వచ్చింది? తెల్లకణాలు పడితే మందు మార్చారా? ఓపీలో దొరికేది ఐదు నిమిషాలే. ముందు ఏం అడగాలో చెప్పండి, ప్లీజ్.