రీయూజ్ అడర్ పెడితే లైనక్స్‌లో ఒకలా, విండోస్‌లో ఇంకోలా: ఏది సరైనది?

మిర్చి_సర్వర్ (గుంటూరు):
మిర్చి యార్డు ధరలు కౌంటర్లకు పంపే చిన్న టీసీపీ సర్వర్, సీలో రాసింది, పోర్టు 9050. లైనక్స్‌లో ఆపి వెంటనే లేపితే 'అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్' అని పడిపోయేది, నిమిషం ఆగితే ఎక్కేది. ఎస్‌ఓ_రీయూజ్‌అడర్ అనే ఆప్షన్ (రీయూజ్ అడర్, అడ్రస్‌ని మళ్లీ వాడుకోనిచ్చేది) పెట్టాక ఆ బాధ పోయింది. అదే కోడు విండోస్‌లో కంపైల్ చేస్తే, పాత కాపీ నడుస్తుండగానే రెండోది కూడా ఎర్రర్ లేకుండా లేచింది. కొన్ని కౌంటర్లకు నిన్నటి తేజ రకం మిర్చి ధర వెళ్తోంది. స్టాండర్డ్ ఏం చెబుతోందండీ?

పోర్టు_కాపరి (విజయవాడ):
పోసిక్స్ (యూనిక్స్ తరహా సిస్టమ్‌ల స్టాండర్డ్) చెప్పేది 'లోకల్ అడ్రస్‌ని మళ్లీ వాడుకోనివ్వాలి' అన్నంతవరకే. ఏ స్థితిలో ఉన్నదాన్ని అన్నది వదిలేసింది, తేడా అక్కడే పుట్టింది. లైనక్స్ టైమ్ వెయిట్‌లో (మూసిన కనెక్షన్ కాసేపు నిలిచే స్థితి) ఉన్నవాటిని దాటనిస్తుంది. లిజన్‌లో (కనెక్షన్ల కోసం వింటూ) ఉన్న సాకెట్ ఉంటే ఒప్పుకోదు. విండోస్ నడుస్తున్న సాకెట్ మీద కూడా ఎక్కనిస్తుంది, ఆపైన కనెక్షన్ ఎవరికి వెళ్తుందో చెప్పలేం. మీకు జరిగింది అదే, పైగా ఇది భద్రతకూ ముప్పు.

విండోస్ బిల్డులో రీయూజ్ అడర్ తీసేసి, బైండ్‌కి (పోర్టుని పట్టుకునే కాల్) ముందే ఎస్‌ఓ_ఎక్స్‌క్లూజివ్‌అడర్‌యూజ్ (ఆ పోర్టు మీద ఇంకొకరిని ఎక్కనివ్వని ఆప్షన్) పెట్టండి. అప్పుడు రీయూజ్ అడర్ ఉన్న పాత బిల్డు 10013 (అనుమతి లేదు) ఎర్రర్‌తో ఆగిపోతుంది. ఒక్క ఇబ్బంది: యాక్సెప్ట్ చేసిన కనెక్షన్ ఇంకా బతికి ఉంటే మళ్లీ బైండ్ కాదు. కాబట్టి ఆపేటప్పుడు వాటిని షట్‌డౌన్ చేసి మూసేయండి.

లైనక్స్‌లో ఇంకో మెలిక. పాత సాకెట్‌కీ ఆ ఆప్షన్ ఉండి తీరాలి. అందుకే కొత్తగా చేర్చిన మొదటిసారి మాత్రం అదే ఎర్రర్ వస్తుంది. 'పనిచేయలేదు' అని తీసేయకండి.

మిర్చి_సర్వర్:
ఆ నిమిషాన్ని తగ్గించడానికి లైనక్స్‌లో టీసీపీ_ఫిన్_టైమౌట్ సెట్టింగ్ మార్చొచ్చా?

కృష్ణలంక_నెట్:
మార్చినా లాభం లేదండీ. అది ఫిన్ వెయిట్ 2 కి (అవతలివాళ్లు మూయడం కోసం ఆగే స్థితి) సంబంధించింది. టైమ్ వెయిట్ 60 సెకన్లు కెర్నల్ కోడులోనే రాసి ఉంది. టీసీపీ పాత స్టాండర్డ్ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 793 (1981) లెక్కన అయితే 4 నిమిషాలు ఉండాలి, ఎంఎస్ఎల్ (ప్యాకెట్ నెట్‌వర్క్‌లో బతికే గరిష్ఠ కాలం) 2 నిమిషాలు, దానికి రెట్టింపు కాబట్టి. ముందు మూసినవాళ్ల దగ్గరే టైమ్ వెయిట్ నిలుస్తుంది. వీలైతే క్లయింట్‌నే ముందు మూయనివ్వండి.

ఐపీవీ6 లో వినేటట్టయితే ఐపీవీ6_వీ6ఓన్లీ (ఐపీవీ6 మాత్రమే వినమనే ఆప్షన్) కూడా మీరే పెట్టుకోండి. ఆర్‌ఎఫ్‌సీ 3493 ప్రకారం డిఫాల్ట్‌గా ఆఫ్. లైనక్స్ మామూలుగా అలాగే ఉంటుంది. విండోస్‌లో ఆన్, అంటే ఐపీవీ4 కౌంటర్లు అసలు కనెక్టే కావు.