ఏడాదికి రెండుసార్లు కూడా బయటికి తీయని జాజ్ బేస్: అమ్మెయ్యాలా, ఉంచుకోవాలా?

మంద్రస్థాయి:

అందరికీ నమస్తే. చాలా రోజులుగా మనసులో నలుగుతున్న విషయం ఇది. ఇంట్లో చెప్తే "వాడనప్పుడు అమ్మెయ్" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, అందుకే బేస్ గిటార్ వాయించేవాళ్ళనే అడుగుదామని రాస్తున్నాను.

నా దగ్గర 1978 నాటి ఫెండర్ కంపెనీ జాజ్ బేస్ ఉంది. యాష్ చెక్క బాడీ, చెక్క చారలు కనిపించే నాచురల్ ఫినిష్, తీగలు నొక్కే చోట మేపుల్ చెక్క ఫింగర్‌బోర్డ్, దాని మీద నల్లటి పలకల్లాంటి ఇన్‌లే గుర్తులు. నాకు బేస్ నేర్పిన మాస్టారి దగ్గరే 14 ఏళ్ళ క్రితం కొన్నాను. అంతకుముందు ఆయన దాన్ని దాదాపు 20 ఏళ్ళు వాయించారు. ఆ రోజుల్లో నేను అమెరికన్ బేసిస్టు మార్కస్ మిల్లర్ స్లాప్ (బొటనవేలితో తీగల్ని కొట్టి వాయించే పద్ధతి) విని పిచ్చెక్కిపోయి ఉన్నాను. మిల్లర్‌ది 1977 జాజ్ బేస్, ఇదేమో దాని పక్క ఏడాదిది, దాంతో మాస్టారు అమ్ముతానని అనీ అనకముందే నేను తీసుకుంటానన్నాను. ఏడాదిన్నర పాటు విడతలుగా డబ్బు కట్టాను, ఆయన ఒక్కసారి కూడా గుర్తు చేయలేదు.

మొదటి ఏడెనిమిదేళ్ళు ఇంకో బేస్ ముట్టుకోలేదు. తర్వాత నడుం నొప్పి మొదలైంది. తూకం వేస్తే 4.9 కిలోలు ఉంది, రెండు గంటలు భుజాన వేసుకుంటే మర్నాడు వంగలేను. ఇంట్లో సాధనకని 30 అంగుళాల స్కేలున్న, అంటే తీగ పొడవు తక్కువున్న, చిన్న బేస్ ఒకటి కొన్నాను, తేలిక, వేళ్ళకి సుఖం, మెల్లగా రిహార్సల్స్‌కి కూడా అదే పట్టుకెళ్ళడం అలవాటైపోయింది. పోయిన ఏడాది జాజ్ బేస్ కేసు రెండుసార్లు తెరిచానంతే, అందులో ఒకసారి తెరిచి చూసి మూసేశాను.

కానీ దాన్ని చేతిలోకి తీసుకుంటే మాత్రం... నెక్ వైపు పికప్ (తీగల కదలికని ఆంప్‌కి పంపే భాగం) కవర్ పై అంచు ఒకచోట నల్లగా నున్నగా మెరుస్తుంటుంది, మిగతాదంతా గరుకుగా ఉంటుంది. మాస్టారి బొటనవేలు ఆనీ ఆనీ అలా అయింది. నా బొటనవేలూ సరిగ్గా అక్కడే ఆనుతుంది, ఎందుకంటే చెయ్యి ఎలా పెట్టాలో నేర్పింది ఆయనే కదా.

డబ్బు అర్జెంటేమీ లేదు. కానీ బీరువా పక్కన ఆ కేసు కనిపించినప్పుడల్లా ఎవరికో ఫోన్ చేస్తానని మాటిచ్చి చేయనట్టు ఉంటుంది. ఇలాంటి వాయిద్యాన్ని అమ్మినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? అమ్మాక ఎలా అనిపించింది? అమ్మకపోతే ఏం చేశారు?

రూట్‌నోట్:

అన్నా, నేను అమ్మి బాధపడ్డవాణ్ణి, కాబట్టి ముందే చెప్తున్నా, నా మాటలో ఆ బాధ ఉంటుంది. నాది ఫెండర్ వాళ్ళదే ప్రెసిషన్ బేస్. అయిదు తీగల బేస్ మీద మోజు పుట్టి, దాని కోసం దీన్ని అమ్మేశాను. ఆ అయిదు తీగలది రెండేళ్ళలో బోరు కొట్టింది, అదీ అమ్మేశాను, చివరికి రెండూ లేకుండా పోయాయి. కొన్నతన్ని మళ్ళీ అడిగితే "ఇప్పుడు నా రికార్డింగ్స్ అన్నీ దీంతోనే, ఇవ్వలేను" అన్నాడు, అతని తప్పేమీ లేదు.

ఇప్పుడు ఆలోచిస్తే అమ్మినందుకు కాదు నా బాధ, తొందరలో అమ్మినందుకు. ఆ నెల్లో నాకేదో కొత్తది కావాలి, దానికి డబ్బు కావాలి, ఎదురుగా ఇది కనిపించింది, అంతే. నీకు ఆ తొందర లేదు, అది చాలా పెద్ద సంగతి. ఒక పని చెయ్. ముందు ఆ బేస్‌ని కేసులోంచి తీసి రోజూ కూర్చునే చోట స్టాండు మీద పెట్టు. నెల రోజులు. కేసు లాచ్‌లు విప్పి, బయటికి తీసి, శ్రుతి చేసి వాయించేంత ఓపిక పనులయ్యాక ఎవరికీ ఉండదు. చెయ్యి చాపితే అందేచోట ఉంటే ఏ బేస్ వైపు చెయ్యి వెళ్తుందో నీకే తెలుస్తుంది.

ఫ్రెట్‌పని:

19 ఏళ్ళుగా గిటార్లు, బేస్‌లు బాగుచేస్తున్నాను. ఇలాంటి ప్రశ్నతో వచ్చేవాళ్ళు తెచ్చే వాయిద్యాల్లో చాలావాటికి సెటప్, అంటే నెక్ వంపు, తీగల ఎత్తు లాంటి సర్దుబాటు, పోయి ఉంటుంది. మీరు ఏడాదిలో రెండుసార్లు తెరిచారంటే మీ బేస్ ఇప్పుడు వాయించడానికి వీలుగా ఉందో లేదో మీకే తెలియదు. వీలుగా లేని బేస్‌ని నెల కాదు, ఏడాది స్టాండు మీద పెట్టినా చెయ్యి దాని వైపు వెళ్ళదు, అప్పుడు "నాకు దీని మీద ఇష్టం పోయింది" అని తప్పుగా అనుకుంటారు.

నాలుగు తీగలు కలిసి నెక్‌ని 70 కిలోలకు పైగా బరువుతో లాగుతుంటాయి, దానికి ఎదురు నెక్ లోపల ట్రస్ రాడ్ అనే లోహపు కడ్డీ పట్టి ఉంచుతుంది. గాల్లో తేమ మారితే చెక్క కదులుతుంది, ఆ బ్యాలెన్సు తప్పుతుంది. చూసుకోవడం తేలికే. శ్రుతి చేశాక లావు తీగని మొదటి ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) దగ్గర ఒక చేత్తో, బాడీలోకి నెక్ కలిసేచోట ఇంకో చేత్తో నొక్కి పట్టి, 7, 8 ఫ్రెట్ల దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు చూడండి. మందపాటి విజిటింగ్ కార్డు పట్టేంత, అంటే సుమారు 0.3 మిల్లీమీటర్లు ఉంటే బాగున్నట్టే. అంతకన్నా బాగా ఎక్కువుంటే నెక్ ముందుకి వంగినట్టు, అసలు సందే లేకపోతే వెనక్కి వంగినట్టు. మీ బేస్ కాలం నాటి జాజ్ బేస్‌లకి ట్రస్ రాడ్ నట్టు హెడ్‌స్టాక్ (నెక్ చివర బిరడాలుండే భాగం) దగ్గరే బుల్లెట్ ఆకారంలో బయటికి కనిపిస్తుంది, నెక్ విప్పక్కర్లేదు. ఒకసారికి పావు చుట్టు మాత్రమే తిప్పి, మళ్ళీ శ్రుతి చేసి, మర్నాడు చూడండి. బిగుతుగా ఉంటే బలవంతం చేయకండి, పనివాడి దగ్గరికి తీసుకెళ్ళండి.

ఇంకొకటి, చిన్న ప్రాక్టీస్ ఆంప్‌లో విని తీర్పు ఇవ్వకండి. లావు తీగ అసలు స్వరం 41 హెర్ట్జ్, చిన్న స్పీకర్ అంత కిందికి సరిగ్గా వెళ్ళలేదు. రిహార్సల్ గదిలో, పక్కన డ్రమ్స్ ఉండగా వినండి. బరువుకి నాలుగంగుళాల వెడల్పు స్ట్రాప్ వాడితే భుజానికి కొంత నయం, నడుం సంగతి మాత్రం నేను మాటివ్వలేను.

ఒకవేళ అమ్మినా సరే, దయచేసి ఏ ఒరిజినల్ పార్టూ మార్చకండి, పాలిష్ పెట్టకండి, కొత్త ఫినిష్ మాటే ఎత్తకండి. కంట్రోల్ ప్లేటు విప్పితే పాట్‌ల (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింది భాగాలు) మీద నంబర్లుంటాయి. 137తో మొదలైతే తర్వాతి రెండు అంకెలు ఆ పాట్ తయారైన ఏడాది, ఆపై రెండు వారం. దాన్ని, హెడ్‌స్టాక్ మీది సీరియల్ నంబర్‌ని ఫోటో తీసి ఉంచండి. టంకం మాత్రం కదపకండి. తెలిసి కొనేవాళ్ళు ముందు చూసేది అదే.

ఫ్లాట్‌వూండ్:

ఫ్రెట్‌పని గారి మాటకి చిన్న చేర్పు. సెటప్ అనగానే అందరూ ముందు కొత్త తీగలు వేసేస్తారు, ఆ తొందర వద్దు. అమెరికన్ బేసిస్టు జేమ్స్ జేమర్‌సన్ తన 1962 ప్రెసిషన్ మీద ఫ్లాట్‌వూండ్ (పైన నున్నగా చుట్టిన) తీగలు దాదాపు మార్చకుండానే మోటౌన్ రికార్డు కంపెనీ పాటలు వాయించాడు, బ్రిడ్జ్ (తీగలు బాడీ మీద ఆనే చోటు) కవర్ కింద ఫోమ్ ముక్క కూడా ఉండేది. మీ బేస్ మీద ఏ తీగలున్నాయో చెప్పండి ముందు.

మంద్రస్థాయి:

రౌండ్‌వూండే (పైన గరుకుగా ఉండేవి), నాలుగేళ్ళ నాటివి. స్లాప్ చేస్తే టప్ టప్ మంటున్నాయి తప్ప ఆ మెరుపు లేదు. మా మాస్టారు కూడా రౌండ్‌వూండే వాడేవారు.

ఫ్లాట్‌వూండ్:

అయితే మార్చెయ్యండి, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. 70ల జాజ్ బేస్‌లో వెనక పికప్ 60ల వాటికన్నా కొంచెం బ్రిడ్జ్ దగ్గరికి జరిగి ఉంటుంది, మీరు చెప్పే ఆ మెరుపులో దానికీ వాటా ఉంది. చచ్చిన రౌండ్‌వూండ్‌తో అది వినపడదు.

నడిమిగ్రూవ్:

మంద్రస్థాయి గారూ, నేను అమ్మి సంతోషంగా ఉన్నదాన్ని, అందుకే రాయాలనిపించింది. నాది మ్యూజిక్ మాన్ కంపెనీ స్టింగ్‌రే, లోపల బ్యాటరీ ఉండే బేస్. బ్యాండ్ ఆగిపోయింది, పాప పుట్టింది, ఆరేళ్ళు కేసులోనే ఉండిపోయింది. బ్యాటరీ మార్చడానికి వెనక మూత తీస్తే పాతది కారి తుప్పు పట్టి ఉంది. అది చూసి ఏడ్చేశానండీ నిజంగా. ఎంతో ప్రేమ అనుకున్నాను, ఆరేళ్ళలో బ్యాటరీ తీసి పక్కన పెట్టడం కూడా గుర్తు రాలేదు.

బాగు చేయించి, వారానికి మూడు రోజులు వాయించే అమ్మాయికి అమ్మాను. ఎక్కువ ఇస్తామన్నవాళ్ళు ఇద్దరున్నారు, వాళ్ళు గోడకి తగిలించుకుంటామన్నారు. ఒకసారి తను వాయిస్తుంటే వెళ్ళి విన్నాను. స్టేజీకి దూరంగా నిలబడ్డాను, మొదటి నోటు రాగానే అది నాదేనని తెలిసిపోయింది. బాధేమీ కలగలేదు. నేను వాయించేటప్పుడు ఎప్పుడూ దాని ముందు నిలబడి వినలేదు కదా, ఇంత బాగుంటుందా అనిపించింది.

మీ పోస్టులో నాకు ఒకటి తట్టింది. మీరు బేస్ గురించి రాసినదానికన్నా మాస్టారి గురించే ఎక్కువ రాశారు. ఆయన్ని అడిగారా? అడగకుండానే ఆయన బాధపడతారని మీరే అనుకుంటున్నారేమో. అమ్మడం ఇష్టం లేకపోతే నమ్మకమైన కుర్రాళ్ళకి కొన్నాళ్ళు వాడుకోమని ఇవ్వచ్చు కూడా, కానీ ఫోటోలు, సీరియల్ నంబరు, ఎప్పటిదాకా అన్నది రాతపూర్వకంగా ఉండాలి. బీటిల్స్ పాల్ మెకార్ట్‌నీ హాఫ్‌నర్ బేస్ 1972లో దొంగతనానికి పోతే, దొరికిందని చెప్పింది 2024లో. మొహమాటపడితే మన వస్తువు మనకి రాదు.

మంద్రస్థాయి (అయిదు వారాల తర్వాత):

ఆలస్యానికి క్షమించండి. మీరు చెప్పినవి ఒక్కొక్కటే చేశాను కాబట్టి పూర్తిగా రాస్తాను.

నెక్ ముందుకి వంగింది, సందులో రెండు కార్డులు పట్టాయి. నాకు ధైర్యం చాలక పనివాడి దగ్గరే సరిచేయించాను, కొత్త తీగలు వేయించాను, గరగరమంటున్న కేబుల్ జాక్ శుభ్రం చేయించాను. స్టాండు మీద పెట్టాను. మొదటి వారం రోజూ వాయించాను, ఎంత బాగుందో చెప్పలేను, రెండు పికప్‌లూ ఫుల్‌గా పెట్టి ఆ మేపుల్ నెక్ మీద స్లాప్ చేస్తే గదంతా మెరిసినట్టుంది. రెండో వారం మూడు రోజులు. మూడో వారంలో ఒక రోజు గమనిస్తే చిన్న బేస్ నా ఒళ్ళో ఉంది, దీని స్టాండు పక్కనే ఉంది, ఎప్పుడు ఏది తీసుకున్నానో కూడా గుర్తులేదు.

రిహార్సల్‌కీ తీసుకెళ్ళాను, వెడల్పు స్ట్రాప్‌తో. మా డ్రమ్మర్ మొదటి పాట మధ్యలోనే తల ఎత్తి చూశాడు, అలా ఎప్పుడూ చూడడు. మూడో పాటకి నడుం పట్టేసింది. కుర్చీ వేసుకుని మిగతావి వాయించాను. కూర్చుని స్లాప్ నాకు కుదరదు, ఆ బేస్‌ని నేను కోరుకున్నదే స్లాప్ కోసం.

తర్వాత మాస్టారికి ఫోన్ చేశాను. నడిమిగ్రూవ్ గారూ, మీరు అడిగిన ఆ ప్రశ్న లేకపోతే ఇంకో అయిదేళ్ళు చేసేవాణ్ణి కాదు. చెప్పడానికి చాలాసేపు నసిగాను. ఆయన అంతా విని, "నేను నీకెందుకు అమ్మాననుకున్నావు? నాకూ నడుం నొప్పేరా" అన్నారు. 14 ఏళ్ళలో ఆ మాట ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. డబ్బు అవసరమై అమ్మారేమో, నేను తక్కువకి కొట్టేశానేమో అని ఇన్నాళ్ళూ లోపల ఒక బరువు ఉండేది. "వాయించేవాడు దొరికితే ఇచ్చెయ్, దొరక్కపోతే ఆగు" అన్నారు. ఆ తర్వాత అరగంట బేస్ సంగతే రాలేదు, వేరే కబుర్లు.

అమ్ముతున్నాను. తొందరేం లేదు కాబట్టి కొనేవాళ్ళు ఇంటికొచ్చి కనీసం గంట వాయించి చూడాలని షరతు పెడుతున్నాను. ఈలోగా మాస్టారి దగ్గర నేర్చుకున్న వరసలన్నీ దీంతో రికార్డు చేసుకుంటున్నాను, ఇప్పటికి పదకొండయ్యాయి.

ఫ్రెట్‌పని:

మంచి పని చేశారు. ఒక పికప్ వాల్యూమ్ తగ్గిస్తే సన్నగా హమ్ వస్తుందని కొనేవాళ్ళకి ముందే చెప్పండి, జాజ్ బేస్‌కి అది సహజమే, కొత్తవాళ్ళు రిపేరు అనుకుంటారు. ఫోటోలకి ముందు దుమ్ము మాత్రం పొడి గుడ్డతో తీయండి చాలు.

మంద్రస్థాయి:

సరేనండీ, చెప్తాను. ఫోటోలు రేపు పొద్దున వెలుతురులో తీస్తాను. బాడీ, వెనక వైపు, హెడ్‌స్టాక్ తుడుస్తాను. పికప్ కవర్ జోలికి మాత్రం వెళ్ళను.