ఉత్తర సర్కారుల క్యాంపెయిన్ (1758–59): ఆనందరాజు సొమ్ము ఇవ్వడం లేదు, ఆట కదలడం లేదు

తీరాంధ్ర_అంపైరు
మిత్రులకు నమస్కారం. మా క్లబ్బులో ఆరుగురు ఆటగాళ్లతో, నేను అంపైరుగా, ఇంగ్లీషువారికీ ఫ్రెంచివారికీ నడుమ జరిగిన ఉత్తర సర్కారుల యుద్ధాన్ని బల్ల మీద సైనికుల బొమ్మలతో క్యాంపెయిన్‌గా, అంటే ఒకదాని వెనుక ఒకటిగా సాగే యుద్ధాల ఆటగా, ఆడిస్తున్నాను. 1758 అక్టోబరులో ఇంగ్లీషు సేనాని కర్నల్ ఫోర్డ్ విశాఖపట్నంలో దిగడంతో మొదలుపెట్టి, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పడేదాకా నడపాలన్నది ఆలోచన. పటం మీద ఒక ఎత్తు అంటే ఒక వారం. చందుర్తి యుద్ధం ఇంగ్లీషువారే గెలిచారు. చిక్కు అక్కడే మొదలైంది. ఇంగ్లీషువారి పక్షాన నిలిచిన విజయనగరం రాజు ఆనందరాజును ఆడుతున్న మిత్రుడు ఒప్పుకున్న సొమ్ము విడుదల చేయడు, సొమ్ము లేనిదే ఫోర్డ్ కదలడు, ఫ్రెంచి పక్షంలోని ముగ్గురు ప్రతి ఆదివారం వచ్చి టీ తాగి వెళ్లిపోతున్నారు. నా ప్రశ్నలు మూడు. ఈ ప్రతిష్టంభనను అంపైరుగా నేను విరగ్గొట్టవచ్చునా? ఓడిన పక్షం వారిని ఆటలో ఎలా నిలుపుకోవాలి? ఒక యుద్ధంలో పోయిన బొమ్మలను తరువాతి యుద్ధానికి ఎలా లెక్కకట్టాలి?

పాతపాచిక
ఇరవై రెండేళ్లుగా పదకొండు క్యాంపెయిన్లు నడిపినవాడిగా చెబుతున్నాను, మీకు చిక్కేమీ లేదు. చరిత్రలో జరిగినదే మీ బల్ల మీద జరుగుతున్నది. డిసెంబరులో గెలిచిన ఫోర్డ్ మచిలీపట్నం ముందుకు మార్చిలో గాని చేరలేదు, అందుకు ముఖ్యకారణం ఈ సొమ్ము తగాదాయే. మీ ఆటగాడు ఎవరూ చెప్పకుండానే ఆనందరాజు మనసును పట్టుకున్నాడు కనుక అతనిని అభినందించండి. నియమాలను నడుమలో మార్చే అంపైరు దగ్గర నేను ఒక్క పూట కూడా ఆడను. ఇంతకూ చందుర్తి బల్ల మీద మొక్కజొన్న చేను పెట్టారా, లేదా? అది పెట్టకుండా గెలిచిన గెలుపు గెలుపు కాదు.

సగం_రంగు
ఆనందరాజు పేరు వింటేనే నాకు మెడనొప్పి వస్తుంది. మా క్లబ్బులో ఒక బొమ్మకు ఇరవై మంది చొప్పున లెక్క వేసుకున్నాము. ఫోర్డ్ ఐరోపా సైనికులు 470 మందికి ఇరవై నాలుగు బొమ్మలు, సిపాయిలు 1,900 మందికి తొంభై అయిదు బొమ్మలు సరిపోయాయి. రాజుగారి కాల్బలం అయిదు వేలు అనేసరికి 28 మిల్లీమీటర్ల బొమ్మలు 250 నా వంతుకు వచ్చాయి. ఈటెలవారు, విలుకాండ్రు, ఎవరి తలపాగా రంగు వారిది, ఒకే కుంచెతో లాగించేయడానికి లేదు. ఏడు నెలలు కూర్చున్నాను. తీరా యుద్ధం నాడు మా రాజుగారు, చరిత్రలో ఆయన జనం చేసినట్లే, తన బలగమంతటినీ ఎండిన చెరువు పల్లంలో దించి సాయంత్రం వరకు పైకి రానీయలేదు. రంగు వేయని బొమ్మ బల్ల ఎక్కరాదని నియమం పెట్టినవారిని నాకు ఒకసారి చూపించండి.

గొల్లప్రోలు_అల్లుడు
పాతపాచిక గారూ, అది మొక్కజొన్న అని మీకు ఎవరు చెప్పారు? మా అత్తవారి పొలం చందుర్తికి కూతవేటు దూరం. ఆనాటి ఇంగ్లీషు వృత్తాంతాలలో ‘ఇండియన్ కార్న్’ అన్న మాట ఉన్నదే గాని, దొరలకు మన జొన్న అయినా ఒకటే, మొక్కజొన్న అయినా ఒకటే. వర్షాలు వెనుకబట్టాక వేసిన జొన్న డిసెంబరు మొదటికి మనిషి తల దాటి నిలుస్తుంది, ఒక పటాలాన్ని దాచగల పైరు అదే. మీరు బొమ్మల కొలతలో మూడడుగుల ఎత్తు చేను పెట్టి, దాని వెనుక ఫోర్డ్ ఐరోపా పటాలాన్ని దాచామంటే బొమ్మలే నవ్వుతాయి.

పాతపాచిక
అల్లుడుగారికి అత్తవారి పొలం మీద ఉన్న ప్రేమను నేను కాదనను. అయితే జొన్నను చెన్నపట్నం ఇంగ్లీషువారు ‘చోళం’ అని వ్రాసేవారు. చోళం అనదలచుకుంటే చోళమనే అని ఉండేవారు. మొక్కజొన్న మాత్రం తల దాటి పెరగదా? నేను చేను పెట్టినది బొమ్మల తల దాటే ఎత్తున, అదీ గుమ్మం ముందు వేసే కొబ్బరిపీచు పట్టాను కోసి. ఫొటోలు చూడకుండా మూడడుగులని వ్రాయడం మర్యాద కాదు.

గొల్లప్రోలు_అల్లుడు
ఫోర్డ్ సేన వచ్చినది బెంగాలు నుంచి. చోళం అన్న మాట వారి నోట ఎందుకు పలుకుతుంది? పదకొండు క్యాంపెయిన్లు నడిపినవారికి ఈ మాత్రం తట్టకపోవడం ఆశ్చర్యంగా ఉన్నది.

బర్మింగ్‌హామ్_బావ
ఏ పైరైనా కానీయండి. ఆ రోజు ఫ్రెంచివారిని ముంచినది చేను ఒక్కటే కాదు, ఎర్రకోటు కూడా. దక్షిణాది సిపాయిలు ఎర్రకోటు లేకుండా ఉండడమే వారు చూసి ఉన్నారు. బెంగాలు సిపాయిలు ఎర్రకోట్లతో ఎడమ పక్కన నిలబడితే, వారే ఐరోపా పటాలమనుకొని ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ తన మేలిమి బలగాన్ని అటు తోలాడు, అసలు పటాలం చేను చాటు నుంచి పక్కగా వచ్చి కాల్చింది. దీన్ని బల్ల మీద తెప్పించడం కష్టం, ఎందుకంటే ఆడేవారందరికీ కథ తెలుసు. ఇక్కడి మా క్లబ్బు అంపైరు ఊరి పేరు మార్చి, పటాన్ని తలకిందులు చేసి, రెండు దళాలకూ ఒకే ఎర్రకోటు బొమ్మలు పెట్టి, ఏది ఏదో తన పుస్తకంలో మాత్రమే వ్రాసుకున్నాడు. ఫ్రెంచి పక్షాన ఆడిన నేను నిండా మునిగాను. ఇప్పటికీ ఆ ఓటమే నాకు ఇష్టం.

పోయిన బొమ్మల సంగతి అడిగారు కాబట్టి చెబుతున్నాను. పడిన బొమ్మ అంటే చచ్చినవాడని అర్థం కాదు, గాయపడినవాడు, పారిపోయినవాడు, దారి తప్పినవాడు కూడా అందులో ఉంటారు. మైదానం దక్కించుకున్న పక్షానికి పడినవారిలో సగం మందిని, విడిచి వెళ్లినవారికి నాలుగో వంతును తిరిగి ఇవ్వండి. ఫిరంగులు మాత్రం ఇవ్వకూడదు, పోయిన ఫిరంగి ఎదుటివాడిదే.

ఏడో_ఫిరంగి
మేము మచిలీపట్నం ముట్టడి దాకా వెళ్లాము, అందుకే చెబుతున్నాను, మీ సొమ్ము తగాదా ముందు ముందు ఇంకా ముదురుతుంది. కోట ముందు ఫోర్డ్ ఐరోపా సైనికులే జీతాల కోసం ఆయుధాలు పట్టుకొని ఎదురు తిరిగారు, వెనుక నుంచి ఫ్రెంచివారి పక్షాన ఉన్న హైదరాబాదు నిజాం సలాబత్ జంగ్ సేన కదిలి వస్తున్నది, మందుగుండు రెండు రోజులకు మించి లేదు. అందుకే ఫోర్డ్ ఏప్రిల్ 7 రాత్రి దాడికి తెగించాడు. తెల్లవారేసరికి లోపల లొంగినవారు బయటి నుంచి దూకినవారికంటే ఎక్కువ. సొమ్మును ప్రతి ఎత్తుకూ తరిగే ఒక అంకెగా పెట్టి, అది సున్నాకు వస్తే పాచిక వేయించి తిరుగుబాటు పరీక్ష జరపండి. అప్పుడు ఆనందరాజు సొమ్ము ఇవ్వకుండా కూర్చోవడమూ ఒక ఎత్తే అవుతుంది, ఫోర్డ్‌కూ ఒక గడువు ఏర్పడుతుంది.

మేము దీనికి ముందు 1757 జనవరి నాటి బొబ్బిలిని కూడా ఆడాము. బుస్సీనీ, విజయరామరాజునూ ఆడడానికి ఒక్కరూ ముందుకు రాలేదు, అందరికీ తాండ్ర పాపారాయుడే కావాలి. చివరకు చీట్లు వేశాము. విజయరామరాజు చీటీ వచ్చిన మిత్రుడు కోట పడిన తరువాత కూడా తన గుడారం చుట్టూ కాపలా బొమ్మలను తీయనివ్వలేదు.

సగం_రంగు
ఆ కాపలా బొమ్మలకైనా రంగు వేశారా?

తీరాంధ్ర_అంపైరు
అందరికీ కృతజ్ఞతలు. పైరు సంగతికి వేరే చర్చ తెరిచి, ఇద్దరు పెద్దలూ అక్కడికి వెళ్లవలసిందిగా మనవి. సొమ్మును తరిగే అంకెగా పెట్టడం, సగం, నాలుగో వంతు లెక్క ఈ ఆదివారం నుంచి అమలు చేస్తాను. అయితే నా రెండో ప్రశ్నను ఎవరూ ముట్టుకోలేదు. కాన్‌ఫ్లాన్స్‌ను ఆడే మిత్రుడు, ఎలాగూ ఏప్రిల్‌లో ఓడిపోయేదే గదా, అంటూ మానేస్తానంటున్నాడు.

బర్మింగ్‌హామ్_బావ
కోట ఏప్రిల్ 8న పడినట్లు అతనికి తెలుసు, మీ ఆటలో అదే రోజున పడి తీరాలని ఎక్కడ ఉన్నది? సముద్రం మీద ఫ్రెంచి సాయం అందే పాచికను అతని చేతికే ఇవ్వండి. అసలైన కథలోనూ ఓడలు వచ్చాయి, కాకపోతే కోట పోయాక వచ్చాయి. ప్రతి ఎత్తులోనూ ఆ పాచిక వేస్తూ, కోటను ఏప్రిల్ 8 దాటి నిలిపిన ప్రతి వారానికీ అతనికి గెలుపు పాయింట్లు కూడా లెక్కించండి. ఓడలు రాకపోయినా, చరిత్రకంటే రెండు వారాలు ఎక్కువ నిలబడితే ఆటలో గెలుపు అతనిదే అని ముందే వ్రాసిపెట్టండి.

పాతపాచిక
నియమాలను నడుమలో మార్చకూడదని నేను మొదటే చెప్పాను. అయినా ఈ ఓడల పాచిక బాగున్నది. ఎన్ని పడితే ఓడ వస్తుందో చెప్పండి.

గొల్లప్రోలు_అల్లుడు
సంక్రాంతికి చందుర్తి వెళుతున్నాను. చేను గట్టున నిలబడి ఫొటో తీసి ఇక్కడే పెడతాను, అడుగుల కర్రతో సహా.